అర్రకో ముచ్చట

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఈ సామెత కట్టిన మహానుభావుడెవరోగానీ, ఇల్లు ఊడ్చిన మనిషి మాత్రం అయివుండడు. ఇల్లు అద్దంలా వుంటే ఆ మెప్పు ఇంటిపేరుకు పోతుంది. ఎక్కడైనా మూలన బూజు కనిపించిందా, ఆ చెడ్డపేరు మాత్రం తిన్నగా ఇల్లాలి ఖాతాలో జమ అవుతుంది. పోనీ, అంత బాధ్యత ఆమె నెత్తిన పెట్టినవాళ్ళు, ఆ ఇంట్లో ఏ గది ఎలా వుండాలో తేల్చే పెత్తనం కూడా ఆమెకే ఇచ్చారా? ఆ సంగతి సామెత చెప్పదు. చరిత్ర చెబుతుంది. కాస్త గుచ్చి గుచ్చి అడగాలి, అంతే.

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా 'థీమ్' అనే మాట వినిపిస్తోంది. హాలుకొక థీము, పడకగదికొక థీము, పిల్లల గదికి ఇంకొకటి, ఆఖరికి పూజగదికి కూడా ఒకటి. కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు సిమెంటు ధర కంటే దీన్ని గురించే ఎక్కువ బెంగపడుతున్నారు. మాట కొత్తదే, ముచ్చట మాత్రం పాతది. ముచ్చటంటే గుర్తొచ్చింది. కోస్తావాళ్ళకు ముచ్చటంటే సరదా, మనసులో కోరిక. మా జగిత్యాల వైపు ముచ్చటంటే మాట, కబురు. గది అలంకరణలో ఈ రెండు అర్థాలూ వున్నాయని నాకనిపిస్తుంది. మన కోరికా తీరాలి, గోడ ఏదో ఒక కబురూ చెప్పాలి.

నవలలు రాసే ఆడవాళ్ళ మీద పాతకాలం నుంచీ ఒక నేరారోపణ వుంది. కథ ముందుకు నడవకుండా హీరో బంగళాలో తెరల రంగు, పూలకూజా, పియానో వర్ణిస్తూ కూర్చుంటామట! కూర్చుంటాం, తప్పేముంది? వారపత్రికల్లో సీరియల్ చదివి ఆ రంగు తెరలు కుట్టించుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్ని లేవు? ఈ విషయంలో మాకొక పెద్దదిక్కు కూడా వుంది. 1897లో అమెరికాలో 'ది డెకరేషన్ ఆఫ్ హౌసెస్' అనే పుస్తకం వచ్చింది. ఆగ్డెన్ కాడ్‌మన్ అనే ఆర్కిటెక్టుతో కలిసి దాన్ని రాసినావిడ ఎడిత్ వార్టన్. అప్పటికామె నవల ఒక్కటీ అచ్చు కాలేదు. ఆ తర్వాత నవలలు రాసి, 1921లో పులిట్జర్ బహుమతి అందుకుంది. నవలకు ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమే. అంటే గది సర్దటం నేర్చుకున్నాకే మనుషులను సర్దటం మొదలుపెట్టిందన్నమాట. ఆ కాలపు ధనవంతుల ఇళ్ళల్లో తెర మీద తెర, దిండు మీద దిండు, బొమ్మ పక్కన బొమ్మ కిక్కిరిసి వుండేవి. అదంతా తీసిపారేసి, ఈ గది దేనికోసం అని ముందు అడగమంది ఆమె. నూరేళ్ళు దాటినా ఆ ప్రశ్నకు వయసు రాలేదు.

మన దేశంలో ఇంతకంటే చాలా వెనకటి గది ఒకటి వుంది. అది వాత్స్యాయనుడు చెప్పిన నాగరకుడి గది. కామసూత్రాలనగానే మొహం పక్కకు తిప్పుకోకండి. అందులో ఇల్లు సర్దుకునే ముచ్చట్లు కూడా బోలెడు. ఊళ్ళో మర్యాదగా బతికే పురుషుడి బయటి గదిలో ఏమేం వుండాలో ఆయన పట్టీ రాసిపెట్టాడు. మెత్తని పడక, తలగడలు, పూలమాలలు, గంధం, తాంబూలం, కొయ్యకు తగిలించిన వీణ, బొమ్మలు గీసే పలక, కుంచెల పెట్టె, ఏదైనా ఒక పుస్తకం. బయట పంజరాల్లో పక్షులు, తోటలో ఉయ్యాల. ఇవాళ డిజైనర్లు గీసిచ్చే గది దీనికంటే గొప్పగా ఏముంటుంది చెప్పండి!

అయితే అదంతా ఆయనగారి గది. మరి ఆవిడగారి గదో? ఆవిడ లోపలింట్లో వుంటుంది. అదే గ్రంథంలో భార్య విధులు చెప్పే చోట, ఇల్లు శుభ్రంగా వుంచాలి, రకరకాల పూలు అమర్చాలి, నేల నున్నగా వుండేలా చూసుకోవాలి అని వుంది. వీణా, కుంచే, పుస్తకమూ ఆయన వాటా. నున్నటి నేల ఆవిడ వాటా. పంపకం ఎంత చక్కగా జరిగిందో చూశారా?

గోడల మీద ఏ బొమ్మలుండాలో చెప్పిన శాస్త్రమూ మనకు వుంది. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రమనే భాగం. స్టెల్లా క్రామ్రిష్ అనే విదుషీమణి 1920లలో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ప్రపంచానికి చూపింది. శృంగారం, హాస్యం, శాంతం, ఈ మూడు రసాల బొమ్మలే సంసారుల ఇళ్ళకు తగినవని అందులో వుంది. యుద్ధాలు, శ్మశానాలు, చావులు, ఏడుపులు ఇంటి గోడ మీద పనికిరావు. రాజసభలోనూ గుళ్ళోనూ అయితే అన్ని రసాలూ వుండొచ్చు. ఇది చదివినప్పుడల్లా నాకు మన టీవీ గుర్తొస్తుంది. గోడకు పనికిరాదని శాస్త్రం తోసేసిన రసాలన్నీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా మన హాలు గోడ మీదే కదా తిష్ఠ వేస్తున్నాయి!

ఆ చిత్రసూత్రంలోనే ఇంకో నియమం వుంది. తన చేత్తో తన ఇంట్లో బొమ్మలు వేయకూడదట. ఆ నియమం ఎందుకు పెట్టారోగానీ, మన ఆడవాళ్ళు మాత్రం దాన్ని తెల్లారితే చాలు, చీపురు పక్కన పెట్టినంత తేలిగ్గా పక్కన పెట్టేశారు. ఆ కథ తర్వాత చెబుతాను.

రాజులూ ధనవంతులూ గోడలకు చిత్తరువులు వేయించుకున్న దాఖలాలు మన నేల మీద చాలా వున్నాయి. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసమనే గ్రంథం కూర్చాడు. జగిత్యాల పక్కనున్న పొలాసను ఏలిన మేడరాజుల వంటివాళ్ళు ఆ చాళుక్యులకు సామంతులే. గోడకు రంగు పట్టుకోవాలంటే ఏం చేయాలో ఆయన వివరంగా చెప్పాడు. దున్నపోతు తోలును బాగా ఉడికించి జిగురు తీసి, దాన్నే వజ్రలేపమని, తెల్లమట్టితో కలిపి గోడకు పూతలు పూయాలట. మనం పెయింటు వేసే ముందు పుట్టీ పెట్టించుకుంటున్నామే, దాని ముత్తాతన్నమాట.

కాకతీయుల ఓరుగల్లును కళ్ళకు కట్టే 'క్రీడాభిరామం'లో మాచల్దేవి అనే వేశ్య చిత్రశాలా ప్రవేశం చేసిన సందర్భం వుంది. గృహప్రవేశంలాగే అదీ ఒక వేడుక! గోడల నిండా శివుడు, కృష్ణుడు, గోపికలు, మేనకా విశ్వామిత్రుల కథలు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో అచ్చయిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఈ సంగతులన్నీ ఎంతో ముచ్చటపడి రాశారు. నన్ను ఆలోచనలో పడేసిన సంగతి ఒకటే. పాత తెలుగు పుస్తకాల్లో ఒక ఆడది తన ఇష్టప్రకారం గోడలకు బొమ్మలు వేయించుకున్నదంటే, ఆమె వేశ్య కావలసి వచ్చింది. ఎందుకంటే ఆ ఇల్లు ఆమెది. సంసారి స్త్రీకి ఇల్లుండేది, కానీ ఆమె ఇల్లు వుండేది కాదు.

ఇక మా వూళ్ళ సంగతికి వద్దాం. పెగడపల్లి జగిత్యాల జిల్లాలో ఒక మండలం. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో వుండేది. మా అమ్మమ్మవాళ్ళ ఇల్లు ఆ వైపే. గూన పెంకుల ఇల్లు, మట్టిగోడలు, టేకు దర్వాజ. దర్వాజ పైపట్టీ మీద రెండు చిలకలు, మధ్యన ఒక పువ్వు చెక్కివుండేవి. ఆ ఇంట్లో గదులు లేవు. నవ్వకండి. అర్రలుండేవి. వంటర్ర, దేవునర్ర, వడ్లు పోసుకునే అర్ర, బయట అరుగు. అర్రకు పేరు దాని పనిని బట్టి వచ్చేది, మనిషిని బట్టి కాదు. అమ్మమ్మ అర్ర అని ఒకటుండేది కాదు. ఆమెకు వున్నది ఒక సందుగపెట్టె, గోడకు ఒక చిలకకొయ్య, దీపం పెట్టుకునే ఒక గూడు.

కానీ ఆ ఇంటి మీద వున్న అందమంతా ఆమెదే. తెల్లవారుజామున వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేసేది. దసరా వస్తుందంటే గోడలకు సున్నం. ఆ సున్నంలో చిటికెడు నీలిమందు కలిపితే తెలుపుకు ఎంత మెరుపో! గోడల అడుగున మూరెడు ఎత్తున జాజుతో ఎర్రని పట్టీ. ఆ పట్టీ మీద తెల్లని చుక్కలు, పూలు, అప్పుడప్పుడు ఒక నెమలి. నేల పేడతో అలికి, ఆరీ ఆరకముందే అంచుల వెంట ముగ్గు గీత. కడపకు పసుపు, కుంకుమ బొట్లు. బతుకమ్మ నాటికి ఇల్లు పెళ్ళికూతురులా వుండేది.

ఇవి కేవలం సింగారాలు కావు. సున్నం పురుగూ పుట్రా రాకుండా చేస్తుంది. జాజు పట్టీ వాన చినుకులు చిమ్మినప్పుడు గోడ మీద పడే మరకలను దాచేస్తుంది. పేడ అలుకు దుమ్ము లేవకుండా పట్టివుంచుతుంది. ఉపయోగమూ అందమూ ఒకే చేతిలోంచి వచ్చాయి. ఇంగ్లండులో విలియం మారిస్ అనే కవి, కళాకారుడు 1880లో ఒక ఉపన్యాసంలో, ఉపయోగపడేదో అందమైనదో తప్ప ఇంకేదీ ఇంట్లో వుంచుకోవద్దని చెప్పి లోకప్రసిద్ధుడయ్యాడు. మా అమ్మమ్మ ఉపన్యాసమేమీ ఇవ్వకుండా అదే పని చేసింది.

"ఎవలు నేర్పిండ్రమ్మమ్మా నీకు?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను.

"ఎవలు నేర్పుతరే? గోడ బోసిగుంటే చెయ్యి ఊకుంటదా? గోడ నాది, గూడు నాది. ఇల్లంటవా, అది మీ తాతది" అంది, చేతికంటిన జాజు కడుక్కుంటూ.

ఆ మాట ఆమె ఏ బాధా లేకుండానే అంది. పెద్దదాన్నయ్యాక ఆ మాటలో ఎంత చరిత్ర వుందో నాకు తెలిసింది. నిలవవుండే దూలాలు, వాసాలు, దర్వాజలు మగవాళ్ళవి. వానకు కడుక్కుపోయేవి, కాళ్ళకింద చెరిగిపోయేవి ఆడవాళ్ళవి. రోజూ చెరిగిపోతుందని తెలిసీ రోజూ వేసిన బొమ్మ ముగ్గు ఒక్కటే కాబోలు. గుళ్ళ గోడల మీద చిత్రాలు వేసిన కొందరి పేర్లయినా శాసనాల్లో దొరకవచ్చుగానీ, ముగ్గు వేసినామె పేరు ఏ శాసనంలో దొరుకుతుంది?

అదే కాలంలో దొరల గడీలు వేరే లోకం. ఎత్తయిన గోడలు, డంగుసున్నపు గచ్చు, నగిషీ స్తంభాలు, నిలువుటద్దాలు, షాండ్లియర్లు. కామారెడ్డి వైపు దోమకొండ కోటలోని పనితనం ఇప్పటికీ చూడవచ్చు. దాన్ని జాగ్రత్తగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అందం అందమే, కాదనను. కానీ చాలా గడీల గోడలకు పట్టిన మెరుపులో వెట్టి చేసిన చేతుల చెమట వుంది. మా ప్రాంతం అది మరిచిపోలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు. ఆ తర్వాత ఎందరో దొరలు గడీలు వదిలి పట్నం చేరారు. కొన్ని గడీలు పాడుబడ్డాయి. ఎంత గొప్పగా అలంకరించిన గదైనా, దాన్ని అలంకరించిన చేతులకు అందులో కూర్చునే హక్కు లేకపోతే అది ఎక్కువకాలం నిలవదేమో!

సామాన్యుల గోడ మీదికి కొనుక్కొచ్చిన బొమ్మ ఎక్కింది రాజా రవివర్మ పుణ్యాన. ఆయన 1894లో బొంబాయిలో అచ్చుయంత్రాలు పెట్టించి లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో అచ్చువేయించాడు. అంతకుముందు గుడికి వెళితేగానీ కనిపించని దేవత ఇప్పుడు దేవునర్రలోకి వచ్చి కూర్చుంది. ఆ వెనకే శివకాశి క్యాలెండర్లు. బట్టలషాపువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్లో ఏడాది అయిపోయినా అమ్మవారి బొమ్మను పారేయలేక, తేదీల కాగితం కత్తిరించి బొమ్మకు ఫ్రేము కట్టించిన ఇల్లాళ్ళను మీరూ ఎరుగుదురు. తమ ఇష్టంతో ఒక గదికి ఒక భావం ఎంచుకోవటం మన ఆడవాళ్ళకు అక్కడే మొదలైందని నా ఉద్దేశం. పైసా ఖర్చు లేని థీము!

వంటర్ర సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. దానికి ఒక్కటే థీము, పొగ. పైన వాసాలు నల్లగా, గోడలు నల్లగా, ఇల్లాలి కళ్ళు ఎర్రగా. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే యువతి కార్మికుల ఇళ్ళ కోసం ఒక వంటగది గీసింది. ఆమె ఆస్ట్రియా దేశపు తొలి మహిళా ఆర్కిటెక్టుల్లో ఒకరు. ఏ వస్తువుకు ఎన్ని అడుగులు వేయాలో లెక్కగట్టి, చెయ్యి చాస్తే అందేలా అన్నీ అమర్చింది. నీలం రంగు వుంటే ఈగలు వాలవన్న నమ్మకంతో అరలకు నీలం వేయించింది. చూశారా, నీలిమందు సంగతి మా అమ్మమ్మకే కాదు, అంత దూరంలోనూ తెలుసు! అటువంటి వంటగదులు పదివేల దాకా కట్టారు. ఈ రోజు మాడ్యులర్ కిచెన్ అని మనం మురిసిపోయేదానికి మూలం అదే. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని ఆవిడే చెప్పుకుంది. హిట్లర్‌ను ఎదిరించిన దళంలో చేరి జైలుకు కూడా వెళ్ళింది. 102 ఏళ్ళు బతికి 2000లో కన్నుమూసింది.

మన హైదరాబాదులో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగ లేని పొయ్యి కోసం పరిశోధనలు చేసి, కోట్లమందికి పొగ లేని వంటిల్లు కావాలని 1953లో ఒక పుస్తకమే రాశాడు. ఆ తర్వాత 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి పల్లెల్లోకి గ్యాసు చేరింది. వంటగది గోడకు గులాబీ రంగు వేయాలా, లేతాకుపచ్చ వేయాలా అని ఇవాళ మనం తర్జనభర్జన పడుతున్నామంటే, ముందు పొగ పోయింది కనుకనే. సింగారం వెనక ఎప్పుడూ ఒక సదుపాయం వుంటుంది. అది వచ్చేదాకా సింగారం మాట ఎవరికీ గుర్తురాదు.

మా ప్రాంతపు ఇళ్ళను పూర్తిగా మార్చేసింది గల్ఫ్. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల నుంచి మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ వెళ్ళటం మొదలైంది. గూన పెంకుల చోట స్లాబులు వేశారు. ముందర్రలో అద్దాల షోకేసు వచ్చింది. అందులో టూ-ఇన్-వన్, బంగారు రంగు గడియారం, సెంటుసీసాలు, ప్లాస్టిక్ పూలగుత్తి, మంచం మీద పులిబొమ్మ దుప్పటి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు, ఇదేం అలంకరణ అని. నేను నవ్వలేను. ఆ షోకేసులో ఒక్కో వస్తువు ఒక్కో ఏడాది ఎడబాటు. తండ్రి ముఖం ఫోటోలోనే గుర్తుపట్టే పిల్లలకు ఆ గడియారమే తండ్రి. ఎండలో కూలి చేసి పంపిన డబ్బుతో కట్టిన ఇంటికి అప్పులవాళ్ళు వచ్చిన రోజులున్నాయి, మనిషికి బదులు పెట్టె వచ్చిన రోజులూ వున్నాయి. ఆ షోకేసు ఒక కుటుంబ చరిత్ర. దాన్ని చూసి నవ్వేముందు చదవటం నేర్చుకోవాలి.

మగవాడు దూరదేశంలో వుంటే ఇల్లు కట్టించేదెవరు? ఆడదే. మేస్త్రీతో బేరాలు, ఇసుక ట్రాక్టర్ల లెక్కలు, సిమెంటు బస్తాల కాపలా, అన్నీ ఆమే. ఆ మధ్య మా మేనమామ కోడలు పెగడపల్లిలో ఇల్లు కట్టిస్తూ ఫోన్ చేసింది.

"థీమ్ అంటే ఏందక్కా? కరీంనగర్ నుంచొచ్చినాయన ఫోన్ల ఏవేవో బొమ్మలు సూపెడుతున్నడు. రాయల్ అంటడు, మోడ్రన్ అంటడు. ఏది ఒప్పుకుంటే ఏమైతదో సమజైతలేదు."

"ఏదీ ఒప్పుకోకు. ముందు ఏ అర్రల ఎవరుంటరు, ఏం చేస్తరు, అది చెప్పు" అన్నాను.

ఒక గంట మాట్లాడుకున్నాం. ముందర్రలో వచ్చేపోయేవాళ్ళు కూర్చుంటారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కనుక ఆమె అర్ర వాకిలి దగ్గర వుండాలి, బల్లలూ తివాచీలూ కాలికి అడ్డం రాకూడదు. పిల్లల అర్రలో గోడ మీద గీస్తారు కనుక అందినంత మేర నల్లబల్ల రంగు. మామగారి పాత ఇంటి టేకు దర్వాజను కట్టెల అడితికి అమ్మేద్దామనుకున్నారట. దాన్ని తెచ్చి దేవునర్రకు పెట్టించమన్నాను. చివర్న ఆమె కాస్త సంకోచిస్తూ అడిగింది. "అక్కా, కిటికీ కాడ నా మిషను కోసం గింత జాగ ఉంచుకుంటె బాగుంటదా?" బీడీలు చుట్టిన డబ్బు కూడబెట్టి కొనుక్కున్న కుట్టుమిషను అది. బాగుంటదా ఏమిటి, ఇంటి ప్లాను ఆ జాగా నుంచే మొదలుపెట్టాలి!

తల్లి అరుగు మీద ఒక మూల చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, చీకటి పడేదాకా బీడీలు చుట్టింది. కూతురు కిటికీ దగ్గర వెలుతురులో కుట్టుకుంటుంది. ఒక్క తరంలో అరుగు నుంచి కిటికీ దాకా వచ్చిన ఈ నడక చిన్నదేమీ కాదు.

1928లో ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ కేంబ్రిడ్జిలో చదివే ఆడపిల్లల ముందు మాట్లాడుతూ, రాయదలచిన స్త్రీకి కొంత సొంత రాబడి, తనదంటూ ఒక గది కావాలని చెప్పింది. మరుసటి ఏడాది అది పుస్తకమైంది. గది వుండటం వేరు, ఇంట్లో వాటా వుండటం వేరు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కునిచ్చే చట్టం 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో ఇల్లు ఇల్లాలి పేరనో భార్యాభర్తలిద్దరి పేరనో ఇవ్వాలన్నారు. అలంకరణ వ్యాసంలో ఈ చట్టాల గోలేమిటి అంటారా? గోడ నాది, ఇల్లు తాతది అన్న మాటకు జవాబు ఈ చట్టాల్లోనే వుంది మరి. కాగితం మీద పేరున్న ఇంట్లో మేకు కొట్టటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ఏ గదిలో ఏం పెట్టుకోవాలంటే, మన చుట్టుపక్కలే ఎంత సంపద వుందో చూడండి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు వేసే పటాలున్నాయి. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథ మొత్తం గీస్తారు. వెనకటికి అవి గోడకు తగిలించుకునేవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, ఇలా ఒక్కో కులానికి వాళ్ళ కథ చెప్పే కళాకారులు గజాల కొద్దీ పొడవైన పటం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథ వినేవాళ్ళు తగ్గారు. పటం చిన్నదై ఫ్రేములో ఇమిడింది. ఊళ్ళు తిరిగిన పటం ఇప్పుడు మన హాల్లో కుదురుగా కూర్చుంది. కొనేటప్పుడు అందులో వున్న కథేమిటో అడిగి తెలుసుకోండి. కథ తెలియని పటం మూగపిల్లలాంటిది.

గోదావరి దాటితే నిర్మల్. పొణికి కర్రతో చేసే తేలికపాటి పళ్ళు, పక్షులు, నల్లటి నేపథ్యం మీద బంగారు రంగు మెరిసే చిత్రాలు. పిల్లల గదికి ఆ బొమ్మల కంటే ఏం కావాలి? కరీంనగర్‌లో వెండితీగతో అల్లే పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, నెమళ్ళు. జనగామ వైపు పెంబర్తి ఇత్తడి పని. మెట్‌పల్లి ఖాదీ తెరలకు ఎంత హుందాగా వుంటుందో కట్టి చూస్తేగానీ తెలియదు. సిరిసిల్ల వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, పెద్ద బొట్టూ ముదురు రంగు చీరలూ కట్టిన మా పల్లె ఆడవాళ్ళనే చిత్రించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఎవరి ఇంటి గోడలకు మా తల్లులు జాజు పూశారో, అటువంటి పెద్దింటి గోడల మీదికి ఇప్పుడు ఆ తల్లుల ముఖాలే ఎక్కాయి. ఇది నాకు ఎంతో తృప్తినిచ్చే సంగతి.

ఇవన్నీ ఒకే గదిలో కుక్కమని కాదు నా ఉద్దేశం. అలా చేస్తే అది ఇల్లు కాదు, ఎంపోరియం. ఒక గదికి ఒక ముచ్చట చాలు. పడకగదిలో కంటికి చల్లగా, శాంతరసం. భోజనాల దగ్గర కాస్త హాస్యం. ముందర్రలో మన ఊరి కథ ఒకటి. అద్దె ఇంట్లో మేకు కొట్టనివ్వకపోతే గడప వుండనే వుంది, పసుపూ ముగ్గూ వుండనే వున్నాయి. వాటికి ఏ ఇంటిగలాయనా అభ్యంతరం చెప్పడు.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. అత్తగారి కోసం ఒక గది, పిల్లల కోసం ఒక గది, చుట్టాల కోసం ఒక గది అనుకుంటూ లెక్కవేశాక, ఆ పట్టీలో మీ పేరు ఎక్కడైనా వుందో లేదో చూసుకోండి. గది లేకపోతే మూల అయినా సరే. ఒక కుర్చీ, ఒక దీపం, మీకు నచ్చిన బొమ్మ ఒకటి. అక్కడ ఉల్లిపాయల బుట్ట, ఇస్త్రీ బట్టల మూట ఎవరినీ పెట్టనివ్వకండి. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న పెద్దలు ఈసారి వస్తే, చూపించటానికి ఆ మూలైనా వుండాలి కదా!